బొమ్మ పడితే ఫోను

పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక ఫ్లెక్సీ లేస్తుంది. వరసగా పిల్లల ఫోటోలు, కింద మార్కులు. మా పక్కింటి రిటైర్డు మాస్టారు దాని ముందు పది నిమిషాలు నిలబడి ఒక సూత్రం కనిపెట్టారు. "చూశావా బాబూ, ఇరవై మందిలో పదమూడు మందికి కళ్లజోళ్లు!" ఆ సాయంత్రమే మనవలిద్దరినీ కళ్ల డాక్టరుకు చూపించారు. చూపు భేషుగ్గా ఉందని తెలిసి ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు.

నేను మాస్టారిని తప్పుపట్టను. మనోవిజ్ఞానంలో దీనికి సహసంబంధ పద్ధతి అని గౌరవప్రదమైన పేరుంది. ఒకటి పెరిగితే రెండోది పెరుగుతోందా, తగ్గుతోందా అని చూసి, -1కీ +1కీ మధ్య ఒక అంకె తేలుస్తారు. 2012లో ఒక పేరున్న అమెరికా వైద్య పత్రిక 23 దేశాల లెక్క అచ్చువేసింది: తలసరి చాకొలెట్ ఎక్కువ తినే దేశాలకే తలసరి నోబెల్ బహుమతులూ ఎక్కువట, సహసంబంధం 0.79, అంటే +1కి బాగా దగ్గర. డబ్బున్న దేశం చాకొలెట్టూ కొంటుంది, ప్రయోగశాలా కట్టుకుంటుంది. ఈ వార్త మా వీధి దాకా రాలేదు కాబట్టి సరిపోయింది. వచ్చి ఉంటే కిరాణా కొట్టులో చాకొలెట్లు ట్యూషన్ ఫీజు ధర పలికేవి.

అలాగని సహసంబంధాన్ని తీసిపారేయలేం. ప్రయోగంలో ఏ గుంపులోకి ఎవరు వెళ్లాలో లాటరీ తేల్చాలని ప్రయోగకర్తలకు నేర్పిన బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్, సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం కారణమని రుజువు కాలేదని మొండికేశాడు. ఆయన పైపు తాగేవాడు. పాతికేళ్లు పొగ తాగమని సగం ఊరికి చీటీలు తీసే ప్రయోగం ఎవరు చేస్తారు? అక్కడ దారి చూపింది సహసంబంధాలే. ఫిషర్ తర్కం చక్కగానే ఉంది, నిజం మాత్రం ఆయన వైపు లేదు.

మాస్టారి తర్వాతి సూత్రం: ఫోను వల్లే మార్కులు పోతున్నాయి. మార్కులు పోయి, తిట్లు తిని, ఆ బాధలో పిల్లలు ఫోను పట్టుకుంటున్నారేమో అన్నాను. లేదా ఇంట్లో రోజూ జరిగే తగాదాల వల్ల రెండూ జరుగుతున్నాయేమో అన్నాను.

"మా ఇంట్లో తగాదాలని నీకెవరు చెప్పారు?"

ఇక ప్రయోగం తప్పలేదు. మనవలు కవలలు. ఒకే తరగతి, ఒకే ట్యూషన్, ఒకే ఉప్మా. ఒక్క ఫోను తప్ప ఏదీ మారకూడదు. ఎవరికివ్వాలో రూపాయి బిళ్ల తేల్చాలి. ఇద్దరితో ఏం తేలుతుందని గణాంక శాస్త్రజ్ఞులు నవ్వుతారు, నవ్వనివ్వండి. అరుగు మీద బిళ్ల ఎగరేశాం. బొమ్మ పడింది. పెద్దవాడికి ఫోను.

మూడో రోజుకల్లా చిన్నవాడి గడ్డం అన్న భుజం మీదే స్థిరపడింది. తెర ఒకటే, చూసే కళ్లు నాలుగు. ఐదో రోజున ఫోను లేని బిడ్డ మీద జాలిపడి మామ్మగారు వాడికి బెల్లం గవ్వలు రెట్టింపు చేశారు. పదో రోజున మాస్టారే, "వీడు ఖాళీగా ఉన్నాడు కదా" అని లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ప్రయోగంలో ఒకటి మార్చమంటే మా వాళ్లు ఒక్కటి కూడా మార్చకుండా ఉండలేకపోయారు.

నెల తిరిగాక చిన్నవాడికి మూడు మార్కులు ఎక్కువొచ్చాయి. ఫోను ఇవ్వని ఫలితమన్నారు మాస్టారు. గవ్వల బలమన్నారు మామ్మగారు. పరీక్ష రోజున పెద్దవాడికి జలుబని వాళ్లమ్మ గుర్తుచేసింది. ట్యూషన్ సారు మాత్రం మూడు మార్కులూ తనవేనని చెప్పి ఫీజు పెంచాడు.

మళ్లీ ఎగరేద్దామని బిళ్ల అడిగాను. మామ్మగారు దాన్ని అప్పటికే పసుపు గుడ్డలో ముడుపు కట్టి, పైడితల్లమ్మ పటం ముందు పెట్టేశారు.