పచ్చగా ఉంటే పండినట్టేనా?

పది రోజులుగా ఒక ఫార్వర్డ్ విశాఖ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ దండం పెట్టే బొమ్మలతో. పైన పద్మనాభం రోడ్డు మీద కారులోంచి తీసిన ఫోటో: అటూ ఇటూ వరి చేలు, వెనకాల కొండ. కింద ఐదు ముక్కలు. జిల్లాలో వర్షం సాధారణం దాటింది, ఇక కరువు మాటే లేదు. చేలు పచ్చగా ఉన్నాయి, పంట ఇంటికొచ్చినట్టే. రిజర్వాయర్లు నిండాయి, నీళ్లకు లోటు లేదు. ఇప్పుడు ఇంకో దఫా యూరియా వేస్తే ఎకరాకు పది బస్తాలు అదనం. ఒకవేళ పంట పోయినా బీమా ఉంది, రైతుకు పోయేదేమీ లేదు. చివర్లో "రైతులు ఊరికే ఏడుస్తున్నారు, అందరికీ షేర్ చేయండి" అని.

ఆ ఫోటోలో ఎడమ పక్కన కనబడే మడులకు నాలుగు గట్ల అవతల మాకు ఎకరం ముప్పై సెంట్లు ఉంది. బాబాయ్ చేస్తాడు. పక్కనే ఇంకో ఎకరం కౌలుకు తీసుకున్నాడు. నేను నగరంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వెళ్లొస్తుంటాను. కాబట్టి పూర్తి రైతుననీ చెప్పుకోలేను, పూర్తి పట్నం మనిషిననీ చెప్పుకోలేను. ఫార్వర్డ్ రాసినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉందని అనుకోను. ఫోటో నిజమే, పచ్చదనమూ నిజమే. దాని మీద కట్టిన లెక్క దగ్గరే వచ్చింది తంటా.

ముందు వర్షం సంగతి. "సాధారణం" అనే మాటకు వాతావరణ శాఖ దగ్గర ఒక కొలత ఉంది. దీర్ఘకాల సగటుకు 19 శాతం తక్కువ పడినా సాధారణమే, 19 శాతం ఎక్కువ పడినా సాధారణమే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా పడిందంతా కూడి చెప్పే అంకె అది. ఎప్పుడు పడిందో అందులో ఉండదు. ఎక్కడ పడిందన్నది కూడా మసకే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విశాఖపట్నం జిల్లాకు మిగిలినవి 11 మండలాలు. వాటిలో చెప్పుకోదగ్గ సాగు ఉన్నవి పద్మనాభం, ఆనందపురం, భీమునిపట్నం, పెందుర్తి. మిగతావన్నీ సీతమ్మధార, మహారాణిపేట, గాజువాక లాంటి నగర ప్రాంతాలు. సీతమ్మధారలో కురిసిన వాన కూడా జిల్లా సగటులో కలుస్తుంది. ఆ నీళ్లు గెడ్డల్లో పడి సముద్రానికి పోతాయి తప్ప మేం నారు పోసే ఆకుమడికి రావు. ఇక చోడవరం, మాడుగుల లాంటి అసలు సిసలు సాగు ప్రాంతాలేమో ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. "విశాఖ రైతు" అంటూ ఫార్వర్డ్ ఎవరి గురించి మాట్లాడుతోందో నాకైతే అర్థం కాలేదు.

2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు విశాఖలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది. సెప్టెంబర్ నెలంతా కలిపి పడాల్సినదానికంటే అది ఎక్కువ. ఇలాంటి వాన ఒక్కటి పడితే చాలు, కాగితం మీద లోటంతా తీరిపోతుంది. చేలో ఆ నీళ్లు గట్లు తెంపుకుని పోతాయి. అంతకుముందు నెర్రెలిచ్చిన మడిని వెనక్కి వెళ్లి తడపవు కదా.

మా ఊళ్లో ఈసారి చిన్నపాటిగా జరిగింది అదే. జూన్ ఆఖర్లో ఆకుమళ్లు పోశారు. జూలైలో చెరువు నిండక ఉబాలు, అంటే నాట్లు, ఆగిపోయాయి. పల్లం మడుల్లో ఆ నెలాఖరుకి ఎలాగో నాటేశారు, మెట్టు మడులు మాత్రం ఆగస్టు మూడో వారానికి గానీ కాలేదు. అప్పటికి నారు యాభై రోజులు దాటి ముదిరిపోయింది. ముదురు నారు పిలకలు, అంటే మొదట్లోంచి వచ్చే కొత్త కాడలు, సరిగా పెట్టదు. ఆ తర్వాత ఎంత వాన పడినా పెట్టని పిలకలు పెట్టనట్టే. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న పాతవాళ్లు కార్తె చూసి లెక్క కట్టారు. ఉత్తర కార్తెకు కూడా వాన లేకపోతే గంప ఎత్తుకుని ఊరు వదలమన్నారు. మొత్తం ఎన్ని మిల్లీమీటర్లన్నది వాళ్లకు పట్టలేదు, ఏ కార్తెలో అన్నదే పట్టింది.

అన్నట్టు, ఈ ఫార్వర్డ్ పెట్టిన మర్నాడే అదే గ్రూపులో "బీరకాయ రేటు చూశారా?" అని గగ్గోలు. ఆనందపురం వైపు కూరగాయల పాదుల్లో నీళ్లు నిలిచి పిందె కుళ్లితే రైతుబజారులో రేటు పెరక్కుండా ఎలా ఉంటుంది? వాన దండిగా పడిందని చప్పట్లు కొట్టిన చేత్తోనే ఆ మెసేజ్ కూడా టైప్ చేశారు.

రెండో మాట, పచ్చదనం. దీని దగ్గర కాస్త ఆగాలి.

మొన్న ఆదివారం ఆ ఫోటో బాబాయ్‌కి చూపించాను. ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "బాగున్నాదిరా, ఏ ఊరిదీ?" అన్నాడు. మనూరిదే అంటే నవ్వాడు. తర్వాత పంచె ఎగ్గట్టి మడిలోకి దిగి, ఒక దుబ్బులోంచి లావుపాటి పిలక ఒకటి మొదలంటా కోసుకొచ్చాడు. గట్టు మీద కూర్చుని బొటనవేలి గోరుతో నిలువునా చీల్చాడు. ఒక పొర, ఇంకో పొర, లోపల లేత గొట్టం. ఆ గొట్టం అడుగున, కణుపు మీద, దూది నలిపి పెట్టినట్టు తెల్లటి ముక్క. బియ్యపు గింజలో సగం కూడా లేదు.

"ఇదేరా ఎన్ను. ఇప్పుడిప్పుడే పుట్టినాది. దీన్ని సూసి సెప్పమను పంటెంతో," అన్నాడు.

చిరుపొట్ట దశ అంటే ఇదే. ఇక్కణ్నుంచి ఎన్ను, అంటే కంకి, బయటికి రావడానికి (అదే ఈనడానికి) సుమారు నెల పడుతుంది. ఈనాక గింజ పాలు పోసుకుని, గట్టిపడి, కోతకు రావడానికి ఇంకో నెల. స్వర్ణ లాంటి 150 రోజుల రకం జూన్ ఆఖర్లో పోస్తే సెప్టెంబర్ మూడు, నాలుగు వారాల్లో ఈ స్థితిలో ఉంటుంది. ఎన్నుకు ఎన్ని గింజలన్నది ఇప్పట్నుంచి తేలుతుంది. వాటిలో ఎన్ని నిండుతాయో, ఎన్ని తాలు పోతాయో అక్టోబర్, నవంబర్‌లో గానీ తేలదు. ఈ పచ్చరంగు చూసి ఆగస్టులో పైరుకు నీళ్లు, ఎరువు అందాయని చెప్పొచ్చు. నవంబర్ సంగతి చెప్పలేం.

పైగా ఆ ఫోటోలో జూలై ఆఖర్న నాటిన మడీ, ఆగస్టు మూడో వారంలో నాటిన మడీ పక్కపక్కనే ఉన్నాయి. కారులోంచి చూస్తే రెండూ ఒకటే పచ్చ. మొదటిది చిరుపొట్టకొచ్చింది, రెండోది ఇంకా పిలకల దగ్గరే తంటాలు పడుతోంది. అది ఈనే వేళకు చలి ముదిరితే తాలు పెరుగుతుంది.

ఈనిక కూడా సున్నితమైన వ్యవహారం. వరి పువ్వు పొద్దెక్కాక, మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది. గంటా రెండు గంటల్లో మళ్లీ మూసుకుంటుంది. సరిగ్గా ఆ వేళకు జోరువాన పట్టుకుంటే పుప్పొడి కొట్టుకుపోయి గింజ కట్టదు. రోజుల తరబడి ముసురు పట్టిందంటే మానిపండు తెగులు, గింజ ఉండాల్సిన చోట పసుపు పచ్చటి ఉండలు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటింది. రెండూ చిత్త కార్తె మొదట్లోనే. హుద్‌హుద్ అంటే నగరంలో మనకు కూలిన చెట్లు, కరెంటు లేని రాత్రులు గుర్తొస్తాయి. బాబాయ్‌కి పొట్ట దశలోనే నేలకు ఒరిగిపోయిన వరి గుర్తొస్తుంది. ముందు రోజు దాకా ఆ చేనూ ఇంత పచ్చగానే ఉంది. అనకాపల్లి వైపు చెరకు రైతులు గడలన్నీ దగ్గరికి చేర్చి జడచుట్లు వేసేది కూడా ఈ గాలికి భయపడే.

ఆ చీల్చిన పిలకను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "ఏం పురుగు సార్ ఇది?" అని ఒకరు అడిగారు.

రిజర్వాయర్ల మాట తొందరగా తేల్చేయొచ్చు. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ నిండితే సంతోషమే, నగరం తాగే నీళ్లలో అవీ ఉన్నాయి కాబట్టి. రైవాడ నీళ్లలో నగరానికెంత, ఆయకట్టుకెంత అన్నది అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న. మా మడులైతే వాటిలో దేని కిందా లేవు. ఊరి చెరువు మదుము (తూము) తీస్తే వచ్చేవే మా నీళ్లు. ఆ చెరువు సగం పూడికతో నిండి ఉంది. అదీ నిండుగానే కనిపిస్తుంది మరి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నాలుగోది, యూరియా సలహా. మిగతావి చదివి మర్చిపోవచ్చు గానీ దీన్ని నమ్మి ఎవరైనా చేలో చల్లేస్తే కష్టం. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. మిగతా ఎరువులతో పోలిస్తే కారుచౌక, అందుకే చెయ్యి ఆగదు. వరికి నత్రజనిని మూడు దఫాలుగా వేయమంటారు: దమ్ములో, పిలకల దశలో, చిరుపొట్ట దశలో. నీళ్లు తీసేసి, బురద మీద చల్లి, రెండు రోజులాగి మళ్లీ నీళ్లు కట్టాలి. ఆ మూడో దఫా అయ్యాక ఇంకా వేస్తే ఆకు నల్లపచ్చగా, మెత్తగా తయారవుతుంది. ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. సుడిదోమ అనే పురుగుకు కూడా అలాంటి చేనే ఇష్టం. పొడతెగులు, ఎండాకు తెగులు వెనకాలే వస్తాయి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. రెండేళ్ల కిందట సెప్టెంబర్ ఆఖర్లో పక్క చేనుకంటే మన చేను పలచగా ఉందనిపించి, బాబాయ్ వద్దంటున్నా నేనే ఒక బస్తా అదనంగా వేయించాను. పది రోజులు చూడముచ్చటగా ఉంది. తర్వాత మడి మధ్యలో కళ్లమంత మేర గుండ్రంగా ఎండిపోయింది, ఎవరో వేడినీళ్లు పోసినట్టు. దుబ్బు వంచి మొదట్లో అరచేత్తో తడితే నీళ్ల మీద గోధుమరంగు దోమలు చిటపటా రాలాయి. అవి ఆకు మీద ఉండవు, నీటి మట్టం దగ్గర మొదళ్లను పట్టుకుని రసం పీలుస్తాయి. మందు పైపైన కొడితే వాటికి తగలదు. పైగా అప్పుడు నేను షాపువాడి మాట విని తెచ్చింది పైరిత్రాయిడ్ రకం పురుగుమందు. దానివల్ల దోమను తినే సాలీళ్లు చచ్చి దోమ ఇంకా పెరుగుతుందని ఆ తర్వాత తెలిసింది. మడిలో నీళ్లు తీసేసి ఆరగట్టడం, రెండు మీటర్లకోసారి కాలిబాట వదలడం లాంటి పైసా ఖర్చు లేని పనులు ముందే చేసి ఉంటే బాగుండేది. ఫార్వర్డ్ చెప్పిన పది బస్తాల అదనం సంగతి నాకు తెలీదు, మాకు ఆరు బస్తాలు తగ్గాయి. బాబాయ్ ఆ విషయం ఇప్పటికీ ఎత్తడు. అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది.

ఇక బీమా. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఖరీఫ్ వరికి రైతు వాటా ప్రీమియం, బీమా మొత్తంలో 2 శాతం. మంచిదే, కట్టమనే నేనూ చెబుతాను. అయితే దిగుబడి తగ్గితే ఇచ్చే పరిహారం లెక్క ఒక్కో మడికి వేరుగా ఉండదు. ఊరిని యూనిట్‌గా తీసుకుని, కొన్ని మడుల్లో పంట కోత ప్రయోగాలు చేసి, వచ్చిన సగటు దిగుబడి చూస్తారు. ఊరి సగటు బాగుంటే, దోమ తినేసిన మా మడికి ఒక్క రూపాయి రాదు. కోసి చేలో ఆరబెట్టిన పంట తుపానుకు తడిస్తే 14 రోజుల లోపు నష్టానికి వేరే రక్షణ ఉంది, దానికి 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. ఫోన్ సిగ్నల్ లేని, కరెంటు లేని తుపాను మర్నాడు ఆ గడియారం మొదలవుతుంది.

ఇదంతా ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో పేరు ఎక్కితేనే. కౌలు మడికి బాబాయ్ పేరు ఎక్కాలంటే పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకు ఇస్తారు, దాని మీద భూమి యజమాని సంతకం ఉండాలి. ఆ ఎకరం యజమాని విశాఖలోనే ఉంటారు. సంతకం కోసం బాబాయ్ ఇప్పటికి రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు. "పంట బాగానే ఉందట కదా, ఇప్పుడా కాగితాలెందుకు?" అన్నారట ఆయన. ఫార్వర్డ్ ఆయనకీ అందినట్టుంది.