ఓక్ కన్నా ఓక్ బొమ్మే మేలు

కలప బజారులో రెండు రకాల ఓక్ దొరుకుతోంది. ఒకటి చెట్టు నుంచి కోసింది, రెండోది కాగితం మీద అచ్చేసింది. చెక్కపొట్టును అదిమి చేసిన పలక మీద ఓక్ ఫొటో అతికించి, పైన మెలమైన్ పూత వేస్తే రెండో రకం తయారు. నాలుగు వైపులా ఆలోచించే చెబుతున్నాం: పెద్దమనుషులకు రెండోదే శ్రేయస్కరం. అసలు ఓక్‌కు గుణాలున్నాయి. గుణాలున్నదానితో కాపురం కష్టం.

మొదటి గుణం, తొందర లేకపోవడం. పచ్చి పలకలను నీడలో, మధ్యన బద్దలు పెట్టి గాలి ఆడేలా పేరిస్తే, ఆరడానికి అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని వడ్రంగుల లెక్క. రెండంగుళాలకు రెండేళ్లు కూడా చాలవు. కొనేవారికేమో వచ్చే నెలాఖరుకు కావాలి. సరే, చెక్కను వేడితో ఆరబెట్టే కిల్న్‌లో పెట్టి వేడి పెంచారనుకుందాం. పైపొర ముందుగా ఆరి ముడుచుకుందామని చూస్తుంది, లోపలి తడి ఒప్పుకోదు. చేసేది లేక పైపొర సాగిన కొలతలోనే బిగుసుకుపోతుంది. తర్వాత లోపలి చెక్కకు ముడుచుకునే వంతు వస్తుంది. బిగుసుకున్న పైపొర వదలదు కాబట్టి అది తనలో తానే చీలిపోతుంది. పైకి పలక నిక్షేపంగా ఉంటుంది. డబ్బు కట్టి, ఇంటికి చేర్చి, కొలతలు గీసి, రంపం పెట్టాకే లోపలి తూట్లు బయటపడతాయి. అంతవరకూ కొన్నవారి మనసు నొప్పించకపోవడం ఓక్ మర్యాద.

కొసలకు మైనం పూయమంటారు. తేమ పక్కల నుంచి కన్నా కొసల నుంచి ఎన్నో రెట్లు త్వరగా పోతుంది గనక, పూయకపోతే చివర్లు బీటలు వారతాయి. దుంగ కోసిన వెంటనే పూస్తే అది రక్షణ. బీటలు కనిపించాక పూస్తే అలంకారం. మనవాళ్లలో ఎక్కువమంది అలంకారప్రియులు.

ఆరాకైనా కుదురుగా పడి ఉంటుందా అంటే అదీ లేదు. తెల్ల ఓక్ పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి పదిన్నర శాతం, కేంద్రం నుంచి బెరడు వైపు ఐదున్నర శాతం చొప్పున ముడుచుకుంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరకే, దుంగను మామూలుగా వరసన కోసిన పలకలు అంచులు లేచి వంగుతాయి. అలాంటి పలకలతో 900 మి.మీ. వెడల్పు బల్ల చేస్తే, చెక్కలో తేమ 4 శాతం మారినప్పుడు వెడల్పులో సుమారు 13 మి.మీ. తేడా వస్తుంది. కేంద్రం నుంచి బెరడు వైపుగా కోసిన క్వార్టర్ కోత పలకలైతే అందులో సగం. అందుకే తెలిసినవాళ్లు పైపలకను చట్రానికి బిగించేటప్పుడు స్క్రూ రంధ్రాలు కోలగా చేసి, చెక్క జరగడానికి దారి వదులుతారు. జిగురు మీద భక్తి ఎక్కువైనవాళ్లు అడ్డంగా ఒక బద్దను ఆ చివర నుంచి ఈ చివరదాకా అతికించేస్తారు. జిగురు చెక్కుచెదరదు, బల్ల మధ్యకు చీలుతుంది. జిగురు కంపెనీకి అభినందన లేఖ రాయడానికి ఇదే అదను.

క్వార్టర్ కోతలో మరో ప్రమాదముంది. చెట్టు కేంద్రం నుంచి బయటికి పోయే మెడుల్లరీ రేలు అనే కణాల పట్టీలు పలక మీద వెండి జాడలుగా మెరుస్తాయి. ఒకప్పుడు వీటి కోసమే ఎక్కువ సొమ్ము పోసేవారు. ఇప్పుడు ‘పాలిష్ చేస్తే ఈ మచ్చలు పోతాయా’ అని అడుగుతున్నారు.

ఇక ఇనుముతో పడదు. ఓక్ నిండా టానిన్ అనే వగరు పదార్థం. దానికి తడి, ఇనుము తోడైతే నీలినలుపు మరక ఖాయం. ఓక్ మీద కాసే మాచికాయలకు అన్నభేది అనే ఇనుప లవణం కలిపి యూరప్ శతాబ్దాల తరబడి దస్తావేజులు రాసుకున్న సిరా రసాయనమూ ఇదే. మీ బల్ల మీద అది ఉచితం. తడి జిగురు మీద ఇనుప క్లాంపును నేరుగా బిగించండి, మధ్యన కాగితం ముక్క మాత్రం పెట్టకండి. క్లాంపు తగిలిన ప్రతిచోటా తెల్లారేసరికి నల్లగీత. ఇంకా సున్నితమైన అభిరుచి గలవారికి స్టీల్ ఊల్, అంటే ఉక్కు పీచు, ఉంది. పూతకూ పూతకూ మధ్య దానితో రుద్దితే కంటికి ఆనని ఉక్కు పోగులు చెక్క రంధ్రాల్లో దిగబడతాయి. ఆపైన నీళ్ల వార్నిష్ వేయగానే మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు తేలతాయి. వాటిని పోగొట్టడానికి వార్నిష్ మొత్తం గీకి, ఆక్సాలిక్ ఆసిడ్ పూసి, శుభ్రంగా కడిగి, మళ్లీ ఆరనివ్వాలి. ఓక్‌కు కావలసింది కూడా అదే, ఇంకొంచెం సమయం.

పోనీ ఇత్తడి స్క్రూలు వాడితే? ఓక్ గట్టిదనానికి తల ఊడి చేతికొస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. సరైన సైజులో రంధ్రం వేసి, అదే కొలత ఉక్కు స్క్రూను ఒకసారి దింపి మరలు పడ్డాక తీసేసి, అప్పుడు ఇత్తడిదానికి మైనం రాసి బిగించాలి. సీసంతోనూ సఖ్యత లేదు. ఓక్ పెట్టెల్లో భద్రపరిచిన సీసపు వస్తువులు, చెక్క విడిచే అసిటిక్ ఆవిరి తగిలి తెల్లటి పొడిగా రాలడం మ్యూజియాలవారికి బాగా తెలిసిన బాధే.

సొంత చుట్టాల్లోనైనా ఏకాభిప్రాయముందా? ఎర్ర ఓక్ పొట్టి ముక్కను ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదితే బుడగలొస్తాయి. తెల్ల ఓక్ చేవలో మాత్రం రంధ్రాలను టైలోసిస్, అంటే పక్క కణాల నుంచి లోపలికి ఉబ్బే పొరలు, పూడ్చేస్తాయి, ఎంత ఊదినా బుగ్గలు నొప్పి పుట్టడమే మిగులుతుంది. అందుకే పీపాలు తెల్ల ఓక్‌తో చేస్తారు. ఆ బద్దలను రెండుమూడేళ్లు ఎండకూ వానకూ వదిలి, తర్వాత మంట చూపించి, నీళ్లు చల్లుతూ వంచుతారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దలు పీపాలు చేసేచోటికి వెళ్లి ఉండరు. ఫ్రాన్స్‌లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బెర్ 1669 అటవీ శాసనంతో, రాబోయే తరాల యుద్ధనౌకల కోసమని ఓక్ అడవులకు కట్టుదిట్టం చేయించాడు. చెట్లు చేవదేరేసరికి ఓడలు ఇనుముకు మారిపోయాయి. ఆ అడవుల్లో ఒకటైన త్రోన్సే ఓక్ ఇప్పుడు వైన్ పీపాలకు పోతోంది. ఇంత దూరదృష్టి ఉన్న ప్రణాళిక మరొకటి చూపించండి.

నిదానంగా పెరిగిందే గట్టిదని పిల్లలకు నీతి చెప్పుకోవడానికైనా పనికిరాదీ చెట్టు. వసంతంలో ఏర్పడే బొరియల పొర మందం ఏటా దాదాపు ఒకటే, త్వరగా ఎదిగిన ఏడాది పెరిగేది తర్వాతి దట్టమైన పొరే. కాబట్టి గబగబా పెరిగిన ఓక్ చెట్టుకే బరువు, బలం. నిదానంగా పెరిగింది ఉలికి మెత్తగా లొంగుతుంది. చేవ ఎంత మన్నినా బెరడు కింది తెల్లచెక్కను పొడి చేసే పురుగులు వదలవు. దాన్ని తీసేయకుండా ‘ఒరిజినల్ ఓక్’ అని అమ్మితే పురుగులు కూడా ఒరిజినలే వస్తాయి.

ఇళ్ల చట్రాలకు పచ్చి ఓక్‌నే వాడతారు, ఆరాక ఉలి దిగదు గనక. దూలం కొసన నాలుకలా చెక్కిన కుసికి, అది దూరే గాడికి వేసే రంధ్రాలను రెండు మూడు మిల్లీమీటర్లు తప్పించి, బాగా ఆరిన ఓక్ చీల కొడితే అతుకు దగ్గరికి లాక్కుంటుంది. జిగురు లేదు, మేకు లేదు. లండన్ వెస్ట్‌మినిస్టర్ హాలు మీద 1390ల్లో ఎత్తిన ఓక్ కప్పు, 20 మీటర్లకు పైగా వెడల్పున మధ్యన ఒక్క స్తంభం లేకుండా ఇంకా నిలబడే ఉంది. అయినా కొత్త దూలాలు ఆరుతూ నిలువునా నెర్రెలు విచ్చగానే ఇంటాయనకు నిద్ర పట్టదు. అవి బలాన్ని తగ్గించేవి కావని వడ్రంగి ఎంత చెప్పినా వినకుండా ఫిల్లర్ తెప్పించి కూరుతాడు. ఎండాకాలం అది అందంగానే ఉంటుంది. వానలు పట్టి చెక్క ఉబ్బగానే, ఆ ఫిల్లర్‌ను అంచుల నుంచి వేలెడు వేలెడు ముక్కలుగా బయటికి నెట్టేస్తుంది.