జోకర్ పెదవులు, తదితర జాతీయ సమస్యలు

బెంగళూరులో ఇద్దరు తెలుగువాళ్ళు కొత్తగా కలిస్తే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, ఆ పైన అసలు తెలుసుకోవాలనుకున్నది నోరు తెరిచి అడక్కుండానే బయటపడేలా రెండు చుట్టు ప్రశ్నలు వేస్తారు. తరతరాల విద్య, ఊరికే పోదు. కానీ మారతహళ్ళి, హెచ్ఎస్ఆర్ లేఔట్ ప్రాంతాల్లో ఈమధ్య ఒక సామాజిక వర్గం బయల్దేరింది. వాళ్ళకి మీ ఊరితో పనిలేదు, ఇంటిపేరుతో అసలే లేదు. వాళ్ళు అడిగేది ఒక్కటే: "అన్నా, నువ్వు 92 వర్గమా, 97 వర్గమా?"

పుట్టిన సంవత్సరం అనుకుని జవాబు చెప్పకండి, పరువు పోతుంది.

ఇది బ్యాట్‌మ్యాన్ కార్టూన్ గొడవ. ఈ సమస్యని పత్రికలు పట్టించుకోవడం లేదు, రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఒక్క వాయిదా తీర్మానమైనా రాలేదు, కర్ణాటక ప్రభుత్వం మనది కాదన్నట్టు చేతులు దులుపుకుంది, కాబట్టి బాధ్యత గల పౌరుడిగా పూర్వాపరాలు నేనే రాయాల్సి వస్తోంది. 1992 సెప్టెంబరులో అమెరికాలో ఫాక్స్ కిడ్స్ వాళ్ళు 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్' మొదలుపెట్టారు. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ అనే ఇద్దరు తయారుచేశారు. 85 ఎపిసోడ్లు వచ్చాయి. అంతా బాగుంది, దేశం సుభిక్షంగా ఉంది. అప్పుడు, 1997లో, అదే సిరీస్ కిడ్స్ డబ్ల్యూబీ అనే ఇంకో చోటికి మారి మరో 24 ఎపిసోడ్లుగా వచ్చింది, వచ్చేటప్పుడు బొమ్మలన్నీ మార్చుకుని వచ్చింది. అక్కడ మొదలైంది.

జోకర్‌కి ఎర్ర పెదవులు తీసేశారు. కళ్ళలో తెలుపు తీసేసి, నల్లటి గుంటల్లో చెరో తెల్ల చుక్క పెట్టారు. గొంతు మాత్రం అదే మార్క్ హామిల్‌ది, నవ్వూ అదే, కానీ ఆ నవ్వు వచ్చే చోట పెదవులు లేవు. క్యాట్‌వుమన్‌కి బంగారు రంగు జుట్టు పోయి నల్ల క్రాపు వచ్చింది. రెక్కల్లాంటి చేతులున్న పెంగ్విన్ మామూలు చేతులు తెచ్చుకుని పెద్దమనిషి అయ్యాడు. బూడిద రంగు మొసలి మనిషి పచ్చబడ్డాడు. స్వయానా బ్యాట్‌మ్యాన్ గుండెల మీదున్న పసుప్పచ్చ గుండ్రం ఎగిరిపోయింది. 92 వర్గం దృష్టిలో ఇది నమ్మకద్రోహం, 97 వర్గం దృష్టిలో ఇది సంస్కరణ. ఇరుపక్షాలూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్సులో, అదే బోర్డు మీద గన్‌పౌడర్ అని రాసి ఆకులో కారప్పొడి వేసే తరహా మెస్సులో, పెద్ద బల్ల దగ్గర సమావేశమవుతాయి. రాస్తారోకో చేద్దామని ఒకసారి ప్రతిపాదన వచ్చింది గానీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద చేస్తే ఎవరికీ తెలియదని విరమించుకున్నారు.

92 వర్గానికి నాయకుడు తెనాలి కుర్రాడు. ఫోన్లో డబ్బులు పంపే ఓ యాప్ కంపెనీలో డిజైనరు. మనిషి మంచివాడు, అన్నం దగ్గర మాత్రం మాట కరుకు. మొన్న సమావేశంలో గోంగూర కలుపుతూ జోకర్ కళ్ళ గురించి ఆవేశంగా చెప్తున్నాడు, ఫోను మోగింది. వాళ్ళమ్మ. చేతికి గోంగూర, అందుకని స్పీకర్లో పెట్టాడు, అందరం విన్నాం.

"ఒరేయ్ నాన్నా, డబ్బులు పంపే ఆ పచ్చ గుండ్రం ఏమైపోయిందిరా? పాలతను వాకిట్లో నుంచున్నాడు."

"అమ్మా, అది కొత్త డిజైనమ్మా. కింద కుడిపక్క మూడు చుక్కలుంటాయి చూడు. అవి నొక్కితే వస్తుంది."

"చుక్కలేంట్రా? బాగున్నదాన్ని ఎందుకు కెలికారు?"

"క్లీన్‌గా ఉంటుందమ్మా, గీతలు తక్కువుంటే. రెండ్రోజులు పోతే అలవాటైపోతుందిలే."

ఫోను పెట్టేశాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఏం చెప్తున్నాను? ఆఁ, జోకర్ కళ్ళు. బాగున్నదాన్ని ఎందుకు కెలకాలి అంటాను."

ఎవరం నవ్వలేదు. విషయం అంత సీరియస్.

చారిత్రక న్యాయం కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1997లో అక్కడివాళ్ళు చెప్పిన కారణం కూడా అటూఇటుగా తెనాలి కుర్రాడు వాళ్ళమ్మకి చెప్పిందే. అప్పటికి ఏడాది కిందటే అదే బృందం సూపర్‌మ్యాన్ సిరీస్ మొదలుపెట్టింది, అందులో బొమ్మలు తక్కువ గీతలతో కోణాలు తీరి ఉంటాయి, రెండూ ఒకే లోకంలా కనపడాలన్నారు. పైగా గీతలు తగ్గితే కదిలించడం తేలిక. ఒక్కో సెకనుకి బోలెడు బొమ్మలు గీయాల్సిన పనిలో, కోటు మీద ఒక మడత తగ్గిందంటే ఎక్కడో ఎవరికో రాత్రి కాస్త నిద్ర దక్కినట్టే. కానీ ఆ నిద్ర గురించి మన సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు, అందరూ మర్నాడు రిలీజ్ ఉన్నవాళ్ళే అయినా సరే.

97 వర్గం బలమంతా దిష్టిబొమ్మలో ఉంది. స్కేర్‌క్రో అని ఒక విలన్, మనుషుల్ని భయపెట్టే గ్యాస్ కనిపెట్టిన ప్రొఫెసరు. పాత సిరీస్‌లో మొదటిసారి వచ్చినప్పుడు గోనెసంచి తొడుక్కున్న ట్యూషన్ మాస్టారిలా ఉంటాడు, ఆయన్ని చూస్తే హోంవర్కు చెయ్యనివాడు కూడా భయపడడు. ఆ సంగతి తీసినవాళ్ళకే తట్టి సిరీస్ మధ్యలోనే ఒకసారి వేషం మార్చారు. 1997లో మాత్రం పాతకాలపు పాస్టరు టోపీ, నల్లకోటు, మెడలో తెగిన ఉరితాడు పెట్టి దించారు. ఉరి తీశాక లేచొచ్చాడా, లేక ముందే చచ్చినవాడా అన్నది తేలదు. వరంగల్ అన్న ఫోన్లో ఆ బొమ్మ తీసి బల్ల మధ్యలో పెట్టి, "ఏందన్నా, ఇది కూడా ఖరాబ్ చేసిండ్రా?" అని అడిగినప్పుడు 92 వర్గం నీళ్ళ గ్లాసుల వైపు చూసింది. నా అభిప్రాయం అడిగితే, ఈ ఒక్క విషయంలో తీర్పు 97కే. నమోదు చేసుకోండి, దీని మీద నాకు బెదిరింపులు వచ్చినా మాట మార్చను.

అసలు చిక్కేమిటంటే, 92 వాళ్ళు కాపాడాలంటున్న అసలు రూపం అంటూ ఒకటి ఎప్పుడూ లేదు. ఆ ఎపిసోడ్లు గీసింది ఒక్కరు కాదు, జపాన్లో, కొరియాలో రకరకాల స్టూడియోలకి పంచి ఇచ్చారు. టోక్యో మూవీ షిన్షా వాళ్ళు చేసిన వారం బ్యాట్‌మ్యాన్ కోటు నీటిలా జారుతుంది, మట్టి మనిషి కరిగి పది ముఖాలు మారుస్తుంటే కళ్ళార్పబుద్ధి కాదు. ఇంకో వారం ఇంకో స్టూడియో వంతు వస్తే అదే బ్యాట్‌మ్యాన్ గడ్డం ఒక సీన్లో పలకలా, మరో సీన్లో పనసకాయలా ఉంటుంది. మరి ఏ గడ్డాన్ని కాపాడాలి? అనంతపురం సామిని అడిగాను, ఆయన 92 వర్గంలో మితవాది. "యాలప్పా, మనకి గడ్డం ముఖ్యం గాదు, చీకటి ముఖ్యం" అన్నాడు. ఆ మాట నిజమే. రాడోమ్‌స్కీ ఆ నగరం మేడల్ని తెల్ల కాగితం మీద కాకుండా నల్ల కాగితం మీద లేత రంగులతో వేయించాడు. చీకటి ముందే ఉంటుంది, వెలుగు ఎంత కావాలో అంత అద్దుకోవడమే. 1997లో ఆకాశం ఎర్రబారింది. సామి బాధ ఆ ఆకాశం గురించి. అది నాకూ కాస్త తగులుతుంది, కానీ ఈ వ్యాసం నిష్పాక్షికం కనుక అంతకన్నా చెప్పను.

పోరాడితే ఫలితం ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. 2001లో అదే బృందం హీరోలందర్నీ కలిపి జస్టిస్ లీగ్ అనే సిరీస్ మొదలుపెట్టినప్పుడు సూపర్‌మ్యాన్ బుగ్గల మీద రెండు గీతలు పెట్టారు, పాపం పెన్షన్‌కి దరఖాస్తు చేసుకున్నవాడిలా కనపడ్డాడు. అభిమానులు గోల పెట్టారు. రెండో సీజన్‌కి ముఖం నున్నగా అయింది. ప్రపంచంలో ఎన్నో ప్రజా ఉద్యమాలు విఫలమయ్యాయి గానీ సూపర్‌మ్యాన్ బుగ్గల ఉద్యమం గెలిచింది, మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇంకా చేర్చలేదు.

ఇక ముగింపుల సంగతి. ఇక్కడ రెండు వర్గాలూ కలిసిపోయి, మళ్ళీ నాలుగుగా చీలతాయి.

మంచు మనిషి ఫ్రీజ్‌నే తీసుకోండి, ఇతని కేసు ఒక్కదానికే ప్రత్యేక ట్రిబ్యునల్ వెయ్యాలి. 1959 నాటి కామిక్స్‌లో ఇతను మంచు తుపాకీ పట్టుకున్న ఒక చిల్లర దొంగ. 1992లో పాల్ డినీ 'హార్ట్ ఆఫ్ ఐస్' అనే ఎపిసోడ్ రాసి అతనికి ఒక భార్యని ఇచ్చాడు. ఆమె పేరు నోరా, జబ్బు మనిషి, బతికించడం కోసం గాజుపెట్టెలో గడ్డకట్టించి ఉంచుతాడు, ఆ ప్రయోగాన్ని డబ్బున్నవాడు ఆపించేస్తాడు. ఆ రచనకి డినీకి ఎమ్మీ వచ్చింది, మన మెస్సు బల్ల దగ్గర ఇప్పటికీ ఆ ఎపిసోడ్ ప్రస్తావన వస్తే మజ్జిగ అడిగేవాడు కూడా కాసేపు ఆగుతాడు. 1997 అక్టోబరులో ఫ్రీజ్ మళ్ళీ వచ్చాడు, ఎలా వచ్చాడంటే తల ఒక్కటే వచ్చింది. ఒళ్ళంతా పాడైపోయి యంత్రం మీద తల, అవసరమైతే ఆ తలకి సాలీడు కాళ్ళు మొలుస్తాయి. సరే, విషాదం, ఒప్పుకుందాం. ఐదు నెలలకి, 1998 మార్చిలో, 'సబ్‌జీరో' అనే సినిమా విడుదలైంది, అందులో ఫ్రీజ్‌కి ఒళ్ళు శుభ్రంగా ఉంది! నోరాకి నయమైందని టీవీలో చూసి ఆనందబాష్పాలు కారుస్తాడు. అంటే సంతోషం కథలో ముందు జరిగింది, విడుదల తర్వాతైంది, ఎందుకంటే అంతకుముందు ఏడాది వచ్చిన, మనుషులు నటించిన బ్యాట్‌మ్యాన్ సినిమా తుస్సుమనడంతో దీన్ని పక్కన పెట్టారు. తర్వాత 1999లో భవిష్యత్తు కథ 'బ్యాట్‌మ్యాన్ బియాండ్'లో ఆ తలకి కొత్త ఒళ్ళు అమర్చారు, అదీ నిలవలేదు, ఆ ఎపిసోడ్‌లోనే పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఫ్రీజ్ కథ సుఖాంతమా, దుఃఖాంతమా? సినిమా దగ్గర టీవీ కట్టేసినవాడికి సుఖాంతం. తెనాలి కుర్రాడు అక్కడే కట్టేశాడు, తర్వాతవి ఉన్నాయని ఎవరన్నా గుర్తు చేస్తే "నేను చూళ్ళేదు కాబట్టి జరగలేదు" అంటాడు. అతని కంపెనీలో బగ్ రిపోర్టులకి కూడా ఇదే విధానమని విన్నాను.

ఆ లోకం మొత్తానికి ముగింపు ఏది అన్నది ఇంకా పెద్ద తగువు. 2005లో జస్టిస్ లీగ్ కొనసాగింపు సిరీస్‌లో 'ఎపిలాగ్' అనే ఎపిసోడ్‌తో శుభం కార్డు వేసేద్దామనుకున్నారు. అందులో చావబోతున్న ఒక చిన్నపిల్ల పక్కన ఉయ్యాల మీద బ్యాట్‌మ్యాన్ ఊరికే కూర్చుంటాడు, చెయ్యి పట్టుకుంటాడు. అంతే, ఫైటు లేదు. దాంతోపాటే, 'బ్యాట్‌మ్యాన్ బియాండ్'లోని భవిష్యత్తు బ్యాట్‌మ్యాన్ కుర్రాడికి రక్తసంబంధం రీత్యా తండ్రి పాత బ్యాట్‌మ్యానే అని ప్రభుత్వ అధికారిణి ఒకావిడ బయటపెడుతుంది. మన తెలుగువాళ్ళకి ఇది షాకు కాకూడదు, వారసత్వం లేకుండా హీరో అయినవాణ్ణి మనం ఎంతమందిని చూశాం? అయినా వరంగల్ అన్నకి ఇప్పటికీ మంటే. "మొత్తం సిరీస్ సొంతంగ ఎదిగిన పోరడని చూపెట్టి, లాస్ట్‌ల డీఎన్‌ఏ అంటరా?" అంటాడు. అన్నది న్యాయమే. నేపథ్యం లేని కుర్రాడు ఒక్కడైనా ఉన్నాడనుకుంటే, వాడికీ ఇంటిపేరు దొరికింది.

శుభం కార్డు పడ్డాక మరో సీజన్ చెయ్యమన్నారు. చేశారు. 2006లో మళ్ళీ ముగించారు, ఈసారి విలన్లకి పారిపోవడానికి ఐదు నిమిషాలు టైమిచ్చి హీరోలంతా మెట్ల మీంచి పరుగెత్తుకొస్తారు. అది కూడా చివరిది కాలేదు. 2019లో జస్టిస్ లీగ్ పేరుతో ఆ పాత గొంతులతోనే ఇంకో సినిమా వచ్చింది. మన దగ్గర కృష్ణా నీళ్ళ మీద 1969లో ఒక ట్రిబ్యునల్, 2004లో ఇంకో ట్రిబ్యునల్ కూర్చున్నాయి కదా, ఆ లెక్కన చూస్తే వీళ్ళు తొందరపడినట్టేమీ కాదు.

అభిమానుల డిమాండ్ల పత్రం నేను చదివాను. మొదటి పేజీలో బొమ్మ మార్చకూడదని ఉంది. రెండో పేజీలో సిరీస్ ఆపకూడదని ఉంది. మూడో పేజీలో, సాగదీస్తున్నారని, ఎప్పుడు ఆపాలో తెలియదని తీవ్రంగా ఖండించారు. మూడు పేజీల కిందా సంతకాలు అవే.

బ్యాట్‌మ్యాన్‌కి గొంతిచ్చిన కెవిన్ కాన్రాయ్ 2022 నవంబరులో చనిపోయాడు. ముందే రికార్డు చేసి ఉంచిన ఆయన మాటలతో, హామిల్ జోకర్‌తో కలిపి, 2024 జులైలో 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అనే కార్టూన్ సినిమా మూడో భాగంలో ఒక చిన్న సీను పెట్టారు. ఆ సీన్లో ఈ పాత కార్టూన్ లోకం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. 1992 నుంచి అన్నేళ్ళు నడిచిన లోకం, ఒక్క సీన్లో! ఇంతకన్నా స్పష్టమైన ముగింపు ఏ నిర్మాతా ఇవ్వలేడనుకున్నాను. ఆదివారం వెళ్ళేసరికి సామి ఫైలు తెరిచి పెట్టుకున్నాడు. "లోకం పోతే సిరీస్ పోయినట్టు యాడుందప్పా?" తెనాలి కుర్రాడు అది చూడలేదు, కాబట్టి జరగలేదు. వరంగల్ అన్న వాదన ప్రకారం ఆ లోకం ఆ లోకమే కాదు, పక్క లోకం, పోలిక ఉందంతే. ఓటింగ్ పెడితే సరిసమానంగా వచ్చింది. చివరికి ఉపసంఘం వెయ్యాలని తీర్మానించారు, కన్వీనర్ 92 వర్గం మనిషైతే మేం రామని 97 వాళ్ళు టిష్యూ పేపరు మీద లిఖితపూర్వకంగా ఇచ్చారు, మెస్సాయన వచ్చి రెండు దాటితే పెద్ద బల్ల ఫ్యామిలీలకేనని చెప్పి ఆకులు తీయించేశాడు.