పిల్లల చేతికి దారాలివ్వండి

విదేశంలో ఉంటూ వేసవి సెలవులకి పిల్లల్ని గోదావరి జిల్లాలకి తీసుకెళ్ళే మనవాళ్ళందరిదీ ఇంచుమించు ఒకటే జాబితా: అంతర్వేది, ర్యాలి, ధవళేశ్వరం ఆనకట్ట, దిండిలో పడవ షికారు, ఆత్రేయపురం పూతరేకులు. అన్నీ చూడాల్సినవే. కానీ వారం తిరిగేసరికి పిల్లలు ఫోను పట్టుకుని మంచమెక్కేస్తారు. మేనత్త పిల్లలు పక్కనే ఉన్నా మాట కలవదు. నా మనవి ఒకటే. ఆ జాబితాలో ఒకటి రెండు కొట్టేసి, ఆ పూటలు పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి దారాలు అల్లించండి.

కొనాల్సింది ఏమీ లేదు. మామ్మని పాత నూలు చీరలు అడగండి. వేలెడు వెడల్పున పీలికలు చింపి, మూడు రంగులవి కలిపి ముడేసి కిటికీ ఊచకి కట్టండి. ఈ చివరి పాయ మధ్యలోకి, తర్వాత ఆ చివరి పాయ మధ్యలోకి, అంతే. రంగులు వేరైతే ఐదేళ్ళ పిల్ల కూడా "ఎరుపు లోపలికి, పసుపు లోపలికి" అని తనకి తనే చెప్పుకుంటూ అల్లేస్తుంది. అల్లేకొద్దీ పొడవు తగ్గుతుంది కాబట్టి పీలికలు ఒకటిన్నర రెట్లు తీసుకోండి. మొదటిది వంకరగా, వదులుగా వస్తుంది. రానివ్వండి. అది విప్పేసి మీరు నీటుగా అల్లి ఇచ్చారంటే ఆ పిల్ల మళ్ళీ దాని జోలికి రాదు. మరీ చిన్నపిల్లలుంటే పొడవాటి తాళ్ళు మెడకి చుట్టుకోకుండా ఒక కన్నేసి ఉంచండి.

కాస్త పెద్దవాళ్ళకి ఏడు దారాల అల్లిక నేర్పొచ్చు. జపాన్ వాళ్ళు తాళ్ళు అల్లే పద్ధతి కుమిహిమోకి ఇది తేలిక రూపం. గుండ్రటి అట్టముక్కకి మధ్యలో బెజ్జం, అంచు చుట్టూ ఎనిమిది గాట్లు. ఏడు దారాల ముడిని బెజ్జంలోంచి కిందికి దింపి, గాటుకొకటి చొప్పున పెడితే ఒక గాటు ఖాళీగా మిగులుతుంది. అక్కణ్ణించి కుడివైపు లెక్కపెట్టి మూడో దారాన్ని ఖాళీలోకి మార్చాలి. ఇప్పుడు కొత్త ఖాళీ, మళ్ళీ మూడోది. కాసేపటికి కిందనుంచి గుండ్రటి తాడు దిగడం మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం తాడు పేనడం, ఎందుకంటే అది ఒక్కరి వల్ల కాదు. బారెడు దారానికి చెరో కొసా పట్టుకుని ఎవరి కుడివైపుకి వాళ్ళు మెలిపెడుతూ పోవాలి. బాగా బిగిశాక మధ్యలో వేలు పెట్టి మడిచి, రెండు కొసలూ కలిపి వేలు తీస్తే దారం దానంతటదే చుట్టుకుపోతుంది. ఒక్కో పాయా తన పురి విప్పుకోబోయి రెండోదానికి పెనవేసుకుంటుంది. చేంతాడుకైనా పలుపుకైనా బలం అందులోనే ఉంది. ఇది చేసిన పిల్లల్ని ఆ తర్వాత కొబ్బరి పీచు తాడు పేనే చోటికి తీసుకెళ్ళండి, ఎంత శ్రద్ధగా చూస్తారో! ఈ పనిలో "గట్టిగా పట్టుకో", "లాగకురా", "ఇంకా తిప్పు", "వదిలెయ్" అనకుండా కుదరదు. ఇక్కడి ఆదివారం తెలుగు తరగతిలో రాని తెలుగు అక్కడ వస్తుందని నా గట్టి నమ్మకం.

నరసాపురం లేసు అల్లికలకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపట్టున కూర్చుని సన్నటి కొక్కెంతో అల్లే పని అది. "తీరిక వేళ చేసేదే కదా" అంటూ ఏళ్ళ తరబడి తక్కువ కూలి ఇచ్చారు. పీలికతో తంటాలు పడిన చేతులకి ఆ పని విలువ తెలుస్తుంది. ముందు మనం బేరాలాడడం మానాలి.

ఇక్కడ మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లోనూ దీనికి ఒక మూల చోటివ్వాలి. ఆరు నెలలకని వచ్చి నాలుగు గోడల మధ్య పొద్దుపుచ్చుతున్న అమ్మానాన్నలు మనలో ఎందరి ఇళ్ళల్లోనో ఉన్నారు. వాళ్ళలో నులక మంచం అల్లినవాళ్ళున్నారు, ఉట్టి కట్టినవాళ్ళున్నారు. చాపలూ పాత చీరలూ నేను తెస్తాను. మీరు వాళ్ళని తీసుకురండి.