రోజుకు ఎన్ని ప్రామాణిక పానీయాలు సేవిస్తారు?

విశ్వవిద్యాలయాల్లో వ్యసన మనస్తత్వ పరిశోధనా బృందాలుంటాయనీ, వాటి చలవవల్లే సమాజం తూలకుండా నిలబడి ఉందనీ చాలామందికి తెలియదు. తప్పు వాళ్ళదే. సైకాలజీ శాఖ వరండాలో, చెడిపోయిన వాటర్ కూలర్ పక్కన, ఫ్లెక్సీ కట్టే ఉంటుంది (ఖర్చు కంటింజెన్సీ కింద రాస్తారు). అందులో ఆచార్యులవారు నడిమధ్య, సహ పరిశోధకులు అటూ ఇటూ, రీసెర్చ్ స్కాలర్లు వెనక వరసలో, ఎంఏ రెండో ఏడాది పిల్లలు ముందు గడ్డిలో మోకాళ్ళ మీద. అసలు పని ఎవరిదో తెలియాలంటే ఆ ఫొటోను కిందినుంచి పైకి చదవాలి.

ఏ వర్సిటీ అని అడక్కండి. మీకు దగ్గర్లో ఉన్నదే అనుకోండి. ఆ బృందం జనం మీదికి వదిలిన ప్రశ్నావళిలో రెండో ప్రశ్న ఇదీ:

"మీరు మద్యం సేవించే రోజున సాధారణంగా ఎన్ని ప్రామాణిక పానీయాలు సేవిస్తారు?"

తొందరేం లేదు, ఇంకోసారి చదవండి. ప్రామాణిక పానీయం. ఐఎస్ఐ మార్కున్న నీళ్ళ ప్యాకెట్టా? శ్రీరామనవమి పానకమా? తెలుగు నేల మీద కల్లు పుట్టింది మొదలు ఈనాటిదాకా ఏ కాంపౌండులోగానీ, ఏ పర్మిట్ రూములోగానీ, "తమ్మీ, రెండు ప్రామాణిక పానీయాలు పట్రా" అన్నవాడు లేడు. మనకున్నవి నైన్టీ, క్వార్టర్, హాఫ్, ఫుల్. చేతిలో డబ్బు తక్కువైతే ఇద్దరు కలిసి కటింగ్. ఈ కొలతలు తెలియనివాళ్ళు రాష్ట్రంలో ఎవరన్నా ఉన్నారంటే వాళ్ళంతా ఆ ఫ్లెక్సీలోనే ఉన్నారు.

ఇది ఇంగ్లీషునుంచి దించుకున్నది, ఆ మూల ప్రశ్నావళి తప్పేమీ లేదు. దాని పేరు ఆడిట్, తాగుడు ముప్పును మార్కుల్లో కొలిచేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నార్వే, ఆస్ట్రేలియా, కెన్యా, బల్గేరియా, మెక్సికో, అమెరికాల్లో పరీక్షించి తయారుచేయించింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 40. 8 వస్తే తాగుడు ముప్పు దిశగా పోతున్నట్టు. 20 వస్తే నిపుణుడి దగ్గరికి పంపాలి. అందులో స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మీ దగ్గర జనం తాగే సరుకు పేర్లు చెప్పి, ఆ లెక్కలోకి మార్చుకుని అడగండి నాయనా అని దానితో వచ్చే చేతిపుస్తకంలోనే ఉంది. కానీ చేతిపుస్తకం చదవడానికి ప్రాజెక్టులో నిధులు కేటాయించరు.

లెక్క కష్టమా అంటే, ఇంటర్ పిల్లవాడు చేస్తాడు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ సీసా మీద 42.8 శాతం అని అచ్చేసి ఉంటుంది. అంటే 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు. మిల్లీలీటరు బరువు 0.79 గ్రాము. మొత్తం 61 గ్రాములు. ఒక క్వార్టర్ అంటే ఆరు ప్రామాణిక పానీయాలు! అరవై మిల్లీలీటర్ల పెగ్గు రెండు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 7 శాతమైతే, మూడున్నర.

ఇప్పుడు ఆ బృందం పంపగా ఎండలో వచ్చిన ఎంఏ అమ్మాయి, ఆటో స్టాండులో ఒక డ్రైవరును కూర్చోబెట్టి ప్రశ్నావళి విప్పిందనుకుందాం. పాపం ఆ పిల్లకు అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవమని ఆదేశం.

ఎన్నాళ్ళకోసారి సేవిస్తారు? "రోజూ, మేడమ్." 4 మార్కులు. ఇంతవరకూ విజ్ఞానం సవ్యంగానే నడిచింది.

ఎన్ని ప్రామాణిక పానీయాలు? "ఒక్కటే మేడమ్. ఒక్క క్వార్టర్. ఓవర్ జేసే అలవాటు మనకు లేదు." 'ఒకటి లేదా రెండు' అనే గడిలో టిక్కు. 0.

ఒకే సందర్భంలో ఆరు లేదా అంతకు మించి ప్రామాణిక పానీయాలు సేవించిన సందర్భాలున్నాయా? ఆరు క్వార్టర్లంటే లీటరుకు పైన. మనిషి నిజంగానే జడుసుకున్నాడు. "ఆరా? ఆరు దాగితే బతుకుతరా మేడమ్?" 0.

సేవించిన అనంతరం అపరాధ భావనకు లోనయ్యారా? అపరాధమన్న మాట అతను చూసింది కరెంటు బిల్లు మీద, అపరాధ రుసుము రూపంలో. "డ్రంకెన్ డ్రైవ్‌ల దొరికి ఒకసారి కట్టిన మేడమ్." నెలకోసారి కన్నా తక్కువ. 1.

మీ మద్యపానం గురించి బంధుమిత్రులెవరైనా ఆందోళన వ్యక్తం చేశారా? ఆందోళన అంటే ఆర్టీసీ బస్టాండు ముందు టెంటు వేసి చేసేదని ఎవరికి తెలీదు? "ధర్నాలేం జెయ్యలే మేడమ్. మా ఇంటామె చీపురు దీస్కొని కొట్టింది, గంతే." వ్యక్తం చేయలేదు. 0.

మిగతా ఐదింటికీ తల అడ్డంగా ఊపాడు. మొత్తం 5. ముప్పు తక్కువ కోవ.

సీసా సైజు అడిగి ఉంటే రెండో ప్రశ్నకు 2, మూడోదానికి 4. చీపురును చీపురుగా గుర్తించి ఉంటే పదోదానికి 4. మొదటి 4 కలిపితే 14, అపరాధ రుసుము వదిలేసినా. ఆ తొమ్మిది మార్కుల తేడా అతని కాలేయంలో ఉంది, పరిశోధనా పత్రంలో లేదు.

మరి ఇంతమంది పండితులుండీ ఇది ఎలా దాటిపోయింది? పద్ధతి ప్రకారమే. ఒకరు ఇంగ్లీషునుంచి తెలుగులోకి మారుస్తారు. మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండూ సరిపోలాలి. 'స్టాండర్డ్ డ్రింక్' పోయి ప్రామాణిక పానీయమైంది, ప్రామాణిక పానీయం అదే దారిన వెనక్కొచ్చి 'స్టాండర్డ్ డ్రింక్' అయింది. అచ్చుగుద్దినట్టు! మాటకు మాట పెట్టిన అనువాదమే ఈ పరీక్షలో ఎప్పుడూ ఫస్టు క్లాసులో పాసవుతుంది. అదే 'క్వార్టర్' అని రాసి ఉంటే తిరుగు ప్రయాణంలో తేడా వచ్చి ఫెయిలయ్యేది. దీనికి విరుగుడుగా ఇంకో మెట్టుంది. పది పదిహేనుమంది తాగేవాళ్ళను కూర్చోబెట్టి, "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?" అని అడగడం. ఖర్చు టీలకు. కానీ తాగేవాళ్ళను శాఖలోకి రానిస్తే శాఖ పరువేం కాను?

అందుకే ఎక్కువ శాంపిల్ డిగ్రీ తరగతి గదుల్లోనే దొరుకుతుంది. ఫారం పైన రోల్ నంబరు, వెనక లెక్చరరు. 'మీ వివరాలు గోప్యం' అన్న వాక్యం రోల్ నంబరు గడికి కిందే. పిల్లలు పదికి పది సున్నాలు పెట్టి ఇస్తారు. అందరూ సున్నాలే పెడితే క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒక్క తీరున కొలుస్తున్నాయా అని చూసే అంకె) రాదు, అంకెల్లో ఎచ్చుతగ్గులుంటేనే అది లెక్కకొస్తుంది. అప్పుడు గేటు ముందు జిరాక్స్ షాపులో ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ తెలిసిన అన్న రంగంలోకి దిగుతాడు. ఆల్ఫా పాసు మార్కు 0.7 దాటి బయటికొస్తుంది. అన్న పేరు ఫ్లెక్సీలో ఉండదు, అది అన్యాయం.

ఇక ఆ డ్రైవరు. ముప్పు తక్కువని తేల్చారు కదా, అతను కాలు విరిగి సర్కారు దవాఖానాలో ఆర్థో వార్డులో చేరాడనుకోండి. అక్కడ క్వార్టర్ ఇవ్వరు. రోజూ పడే మందు ఒక్కసారిగా ఆగేసరికి మొదటి రోజే చేతులు వణుకుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో గోడ నిండా చీమలు కనిపిస్తాయి. మంచం మీద పడుకునే హ్యాండిల్ తిప్పుతాడు, గేరు మారుస్తాడు, రాని ప్యాసింజరును పిలుస్తాడు. గాలి సోకిందని పెళ్ళాం ఏడుస్తుంది. చేతులు గాజుగుడ్డతో మంచానికి కడతారు. ముందు థయామిన్ (బి1 విటమిన్) ఎక్కించి తర్వాత గ్లూకోజు పెట్టాలన్న సంగతి, మనిషి తాగుతాడని తెలిస్తే కదా గుర్తొచ్చేది! సకాలంలో మనిషిని నెమ్మదింపజేసే డయాజిపామో లొరాజిపామో పడితే తేలిగ్గా దాటిపోయే గండం ఇది. పడకపోతే ప్రాణమే పోవచ్చు. తాగుబోతు కదా, పోతే పోయాడంటారా? వాడు అబద్ధం చెప్పలేదయ్యా! రోజూ తాగుతానన్నాడు, క్వార్టర్ అన్నాడు, పెళ్ళాం కొట్టిందనీ అన్నాడు. అడిగినదానికల్లా నోరు విప్పి నిజం చెప్పాడు. వినే తెలుగు మీకు లేకపోయింది!

ఇదే ఆడిట్‌తో గోవాలో సంగత్ సంస్థవాళ్ళు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 12 నుంచి 19 మార్కులొచ్చిన 377 మంది మగవాళ్ళను తీసుకుని, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, వాళ్ళచేత కౌన్సెలింగ్ చేయించి, తాగుడు తగ్గించొచ్చని చూపించారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక అచ్చేసింది. మన డ్రైవరుకు రావలసిన 14 సరిగ్గా ఆ కోవలోదే. 2019లో కేంద్రం బయటపెట్టిన ఎయిమ్స్ సర్వేలో, తాగుడుకు బానిసైనవాళ్ళు 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మిగిలిన 37 మందినీ ఏ గడిలో టిక్కు పెట్టి పంపించారో!

బృందం మాత్రం ఆగలేదు. ఇప్పుడు చరవాణి వ్యసనం మీద పడింది. కొరియా పిల్లల మీద నిర్ణయించిన మార్కుల హద్దులు, మగపిల్లలకు 31, ఆడపిల్లలకు 33, మన హాస్టళ్ళకు అలాగే దించుకున్నారు. ఆ సంగతి ఇంకోసారి చూద్దాం.

పాత ప్రశ్నావళి ఆఖరి పేజీలో "మీ అమూల్య సహకారానికి ధన్యవాదాలు" అని ఉంది. కింద ఆచార్యులవారి పేరు, డిగ్రీలు మూడు లైన్లు. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు అయిదంకెలే, కానీ అక్కడ జాగా చాలలేదు.