ఎస్‌జెట్ చేసిన నిర్వాకం

జర్మనీలో ఏం చదువుతున్నావమ్మా అని ఎవరైనా అడిగితే జర్మన్ అని చెప్తాను. "అది ఎలాగూ నేర్చుకోవాలిగా, సబ్జెక్టు ఏంటి?" అంటారు. అదే అంకుల్ అంటాను. కాసేపు చప్పుడు ఉండదు. తర్వాత ఫోన్ మీ నాన్నకివ్వు అంటారు.

బీఏ చివర్లో మాకు 40 పేజీల థీసిస్ ఉంటుంది. నేను జర్మన్‌లో రాసిన రచయిత కాఫ్కా నవల 'దేర్ ప్రొత్సెస్' (అంటే 'విచారణ') మీద రాశాను. ఒక బ్యాంకు ఉద్యోగిని పొద్దున్నే వచ్చి అరెస్టు చేస్తారు, ఎందుకో చివరిదాకా చెప్పరు. కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు కాబట్టి ఆ ఆఫీసు భాష నవలలోకి ఎలా పాకిందో చూడటం నా పని. నేను పోయాక నా రాతలన్నీ తగలబెట్టు అని ఆయన స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌ని కోరితే, ఆ మహానుభావుడు తగలబెట్టకపోగా 1925లో ఈ నవలని అచ్చేయించాడు. థీసిస్ మొదలైన రెండో నెలకల్లా నాకు బ్రాడ్ మీద చాలా కోపం వచ్చింది.

కానీ నా కొంప ముంచింది కాఫ్కా కాదు, ఒక్క అక్షరం. దాని పేరు ఎస్‌జెట్. చూడటానికి ఇంగ్లీషు బి కాలు జారి గీత కిందికి దిగినట్టుంటుంది, పలకడానికి మాత్రం ఉత్త 'స'.

నేను జర్మన్ మొదలుపెట్టింది హైదరాబాదు అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకి కొన్న పుస్తకంతో. బేరం కుదిరిందన్న సంబరంలో అది ఏనాటి ముద్రణో చూసుకోలేదు. జర్మన్ వాళ్ళు 1996లో స్పెల్లింగులు సంస్కరించుకుని 1998 నుంచి అమలు చేశారు. అంతకుముందు 'దస్', 'ముస్' లాంటి మాటల చివర ఎస్‌జెట్ ఉండేది, ఇప్పుడు రెండు ఎస్‌లు. నా చేతికి పాతదే పట్టుకుంది, మా తాతయ్య ఉత్తరాల్లో ఇప్పటికీ అరసున్నలు దొర్లినట్టు. మా గైడు డ్రాఫ్టు మార్జిన్లో పెన్సిల్‌తో "1996 వచ్చింది, వెళ్ళింది కూడా" అని రాసి ఊరుకున్నారు.

సోమవారం మధ్యాహ్నం 12 లోపు మూడు బైండింగ్ కాపీలు ఇవ్వాలి. ఆదివారం రాత్రి కంప్యూటర్లో, వెతికి మార్చడానికి, కంట్రోల్ హెచ్ కొట్టి, ఎస్‌జెట్ కనిపించినచోటల్లా రెండు ఎస్‌లు పెట్టమన్నాను. 412 మార్పులు చేశాను అంది. ఇంత సులువా అనుకుని సేవ్ చేసి, ఫైలు మూసేసి, మ్యాగీ చేసుకుని తిన్నాను.

మా రూమ్మేటు జర్మన్ పిల్ల. ఓసారి చూస్తానని తీసుకుని రెండో పేజీలోనే తలెత్తి, "ఏంటి, స్విట్జర్లాండ్‌కి మారిపోయావా?" అంది. స్విట్జర్లాండ్‌లో ఈ అక్షరం వాడరు. జర్మనీలో మాత్రం దాన్ని తీసెయ్యలేదట, కొన్నిచోట్ల నుంచి తప్పించారంతే. వీధిని 'ష్ట్రాసె' అంటారు, అందులో ఉండాలి; పాదాన్ని 'ఫూస్' అంటారు, అందులోనూ ఉండాలి. నేను ఊడబెరికేశాను. వీటన్నిటినీ మించింది ఇంకోటి: కాఫ్కా విశేషణాలని 'ఇన్ మాసెన్', అంటే మితంగా, వాడతాడని రాసుకున్నాను. అది ఇప్పుడు 'ఇన్ మస్సెన్' అయి కూర్చుంది. అంటే కుప్పలు తెప్పలుగా. నా మూడో అధ్యాయం మొత్తం ఆ మితం మీదే నిలబడి ఉంది!

ఫైలు మూసేశాను కాబట్టి అన్‌డూ లేదు. బుర్రున్న మనిషైతే పాత కాపీ వెతుక్కుంటుంది. నేను రెండు ఎస్‌లు ఉన్నచోటల్లా ఎస్‌జెట్ పెట్టమన్నాను. ఈసారి 900 పైనే. ప్రొఫెసర్, అడ్రెస్సె, ఇంటరెస్సె, పుట్టుకతోనే రెండు ఎస్‌లున్న ప్రతి మాటకీ తోక మొలిచింది. నవల పేరు ఒక్కటి, 1925లో జెడ్‌తో అచ్చయి 1990 నాటి పరిష్కృత ప్రతిలో సి, ఎస్‌జెట్‌లతో వచ్చిన ఆ పేరు ఒక్కటి, రెండుసార్లు మారి మళ్ళీ మొదటికొచ్చి సరిగ్గా నిలబడింది. ఆ రాత్రి నాకు దక్కిన న్యాయం అంతే.

మూడున్నరకి తెనాలి నుంచి తాతయ్య వీడియో కాల్. అక్కడ ఏడు. రిటైరైన తెలుగు మాస్టారు. "ఏమే, ఆ మొహమేంటి?" అన్నారు. ఏడుస్తూనే రూలు చెప్పాను: ముందు అచ్చు హ్రస్వమైతే రెండు ఎస్‌లు, దీర్ఘమైనా, ఐ, ఔ లాంటివి వచ్చినా ఎస్‌జెట్.

"ఓస్, ఇంతేనా? ద్విత్వం ముందు హ్రస్వం ఉండటంలో వింతేముందే? అమ్మ, అక్క, అన్న, అన్నీ అంతేగా. నువ్వు పైకి చదువు, నేను చెప్తా."

ఆయనకి జర్మన్ ఒక్క ముక్క రాదు. నేను 'ముస్' అంటే "హ్రస్వం", 'ఫూస్' అంటే "దీర్ఘం", 'హైసెన్' అంటే "ఆఁ, మళ్ళీ అను... ఐ ఉందిగా, తోక పెట్టేయ్". నేను నిద్రమత్తులో 'గ్రోస్'ని పొట్టిగా లాగించేస్తే, "సరిగ్గా పలుకు, ఆ ఓకారాన్ని తినెయ్యకు" అని కసిరారు కూడా. నానమ్మ వెనక నుంచి ఇడ్లీలు చల్లారిపోతున్నాయని మూడుసార్లు అరిచింది. కొటేషన్లు మాత్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేనే చూసుకున్నాను, అవి కాఫ్కావి, మా తాతయ్య సంస్కరించకూడదు. గ్రంథసూచిలో చివరి పేరు అయ్యేసరికి ఇక్కడ ఏడైంది. 11:40కి కాపీలు ఇచ్చేశాను.

ఆరు వారాలకి మార్కులు వచ్చాయి, 1.7. ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచిది, 4 దాటితే ఫెయిల్. ఈ సంగతి నాన్నకి ముందే చెప్పి ఉండాల్సింది.

గైడు కాపీ తిరిగిచ్చారు. లోపల ఎస్‌జెట్ తప్పు ఒక్కటీ లేదు. గ్రంథసూచి తర్వాత మాత్రం ఒక పేజీ ఉంది, అందరూ ఒకే మాటలు అంటించి సంతకం పెట్టే హామీ పత్రం: ఇది నేనే సొంతంగా రాశాను, పేర్కొన్నవి తప్ప వేరే సాయం ఏదీ తీసుకోలేదు అని. అందులో 'దస్'కి ఎస్‌జెట్, 'ఫెర్‌ఫస్ట్'కి ఎస్‌జెట్, అచ్చం అబిడ్స్ పుస్తకంలో ఉన్నట్టు. కింద నా సంతకం. రెండు మాటల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన "1996" అని రాసి ఉంది.

ఫోటో తీసి తాతయ్యకి పంపాను. "ఈ పేజీ నాకు చదవలేదుగా" అన్నారు.