'అందరికీ స్వాగతం' బోర్డు, దాని వెనక ఇనుప కంచె

పార్కులో జరిగే పాప్ ఫెస్టివల్‌కి ఎప్పుడైనా వెళ్లుంటే మీకూ గుర్తుండే ఉంటుంది, స్టేజీ కంటే ముందు కంచె కనపడుతుంది. మనిషికి రెండింతల ఎత్తున ఇనుప రేకులు, అవతల ఏం జరుగుతోందో కనపడకుండా. ఆ రేకుల మీదే ఇంద్రధనస్సు రంగుల్లో, ఇక్కడ అందరికీ చోటుంది అని రాసి ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ బోర్డు ముందు నిలబడి నేనూ ఫోటో దిగాను. అది దేని మీద వేలాడుతోందో అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు ఫెస్టివల్స్ చూశాక, అందులోనూ వీల్‌చైర్ వాడే ఒక స్నేహితురాలితో కలిసి వెళ్లడం మొదలుపెట్టాక, ఆ బోర్డుకీ ఆ కంచెకీ ఉన్న పేచీ నన్ను వదలడం లేదు.

ముందే చెప్పేస్తున్నా, నాకు ఈ ఫెస్టివల్స్ అంటే ఇష్టం. ఇష్టం కాబట్టే ఇంత రాస్తున్నా.

లండన్‌లోని మైటీ హూప్లాని తీసుకోండి. క్వీర్ క్లబ్ నైట్స్, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషుల లాంటి వాళ్ల కోసం రాత్రి పార్టీలు నడిపిన వాళ్ల చేతుల్లో పుట్టిన ఫెస్టివల్ ఇది, 2017లో విక్టోరియా పార్కులో జరిగి, 2018 నుంచి బ్రాక్‌వెల్ పార్కుకి మారింది. ఇరవై ఏళ్ల కిందట హిట్లు కొట్టి తర్వాత జనం మర్చిపోయారనుకున్న గాయకులు కూడా అక్కడికొస్తే మహారాజుల్లా పాడతారు. పాప్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే దానికి ప్రవేశ పరీక్ష ఉండదు. కొన్ని రకాల సంగీతం అభిమానుల మధ్య నిలబడితే, ఆ బ్యాండ్ మూడో ఆల్బమ్ విన్నావా అని అడిగే వాడొకడు తప్పకుండా తగులుతాడు. పాప్ పాటకి పల్లవి వస్తే చాలు, అది కూడా తప్పుగా వచ్చినా పక్కవాళ్లు సర్దుకుపోతారు. అరవై దాటిన పెద్దాయన మెరుపు చొక్కా వేసుకొచ్చినా, ఇద్దరు అమ్మాయిలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరిగినా ఎవరూ తల తిప్పి చూడరు. రోజూ వీధిలో జనం చూపులకి వంద లెక్కలు వేసుకుని నడిచే మనిషికి, ఆ ఒక్క మధ్యాహ్నం లెక్కలు వేసుకోకుండా నడవడం ఎంత తేలికో వాళ్లని అడిగితేనే తెలుస్తుంది. ఇదంతా నిజం, దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను పోట్లాడతాను.

అయితే 'అందరిదీ' అన్న మాటని మనం ఎక్కువగా స్టేజీ వైపు చూస్తూనే కొలుస్తున్నాం. ఎందుకంటే అక్కడ లెక్కపెట్టడం సులువు. 2018లో కీచేంజ్ అనే కార్యక్రమం కింద 45 ఫెస్టివల్స్ ముందుకొచ్చి, 2022 నాటికి తమ లైనప్‌లో, అంటే పాడేవాళ్ల జాబితాలో, ఆడా మగా సమానంగా ఉండేలా చూస్తామని మాటిచ్చాయి. బార్సిలోనాలో జరిగే ప్రిమవేరా సౌండ్ ఇంకా ముందే, 2019లోనే, సగం సగం లైనప్ పెట్టి చూపించింది. అప్పటిదాకా 'సరిపడా మహిళా కళాకారులు దొరకడం లేదండీ' అని చేతులెత్తేసిన పెద్దలకి అది మంచి జవాబే. కానీ లైనప్ అనేది పోస్టర్ మీద కనపడే సంగతి. పోస్టర్ మీద కనపడనివి ఎవరు లెక్కపెడతారు?

ఉదాహరణకి భద్రత. స్వీడన్‌లో బ్రోవల్లా అనే పెద్ద ఫెస్టివల్‌లో 2017లో అత్యాచారాలు, లైంగిక దాడుల ఫిర్యాదులు రావడంతో 2018కి దాన్ని రద్దు చేశారు. ఒళ్లు మండిన ఒక హాస్యనటి, మగాళ్లు బుద్ధి తెచ్చుకునేదాకా వాళ్లు లేని ఫెస్టివల్ పెడదాం అంది. అన్నట్టే 2018లో గోథెన్‌బర్గ్‌లో స్టేట్‌మెంట్ ఫెస్టివల్ జరిగింది, ఆడవాళ్లకి, ట్రాన్స్‌జెండర్లకి, ఆడా మగా అని చెప్పుకోని నాన్‌బైనరీ వాళ్లకి మాత్రమే అని ప్రకటించి. ఆ ఏడాది డిసెంబర్లో అక్కడి వివక్ష వ్యతిరేక అధికారి, అలా ప్రకటించడం చట్టవిరుద్ధమని తేల్చారు. జరిగింది పక్షపాతమే అన్నా, ఎవరికీ నష్టం జరిగినట్టు తేలలేదని జరిమానా వెయ్యలేదు. నాకైతే ఆ తీర్పు చట్టప్రకారం సరైనదే అనిపిస్తుంది, ఆ కోపమూ సరైనదే అనిపిస్తుంది. కొందరు నిశ్చింతగా ఉండాలంటే ఇంకొందరిని బయట పెట్టాల్సి వచ్చిందంటే, అంతకుముందు 'అందరికీ' అని పిలిచిన చోట నిశ్చింత ఎవరికి ఉండేదో అర్థమవుతుంది కదా.

ఇక నేల దగ్గరికొద్దాం. పార్కంటే గడ్డి, మట్టి, ఎత్తుపల్లాలు. ఎండగా ఉంటే అందం, ముందురోజు వాన పడిందా, వీల్‌చైర్ ముందు చక్రాలు బురదలో కూరుకుపోయి అక్కడే ఆగిపోతాయి. దీనికి మందు అందరికీ తెలుసు, లారీల కోసం పరిచే ప్లాస్టిక్, అల్యూమినియం పలకలే మనుషులు నడిచే దారిలోనూ పరవడం. లారీలకి మాత్రం ఎప్పుడూ పరుస్తారు. స్పీకర్లు దిగాలి కదా మరి. మనుషుల దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ గుర్తొస్తుంది.

వీల్‌చైర్ వాళ్లకి ఎత్తు వేదిక కడతారు, బాగానే ఉంటుంది. కాకపోతే తోడుగా ఒక్కరికే అనుమతి అన్న షరతు చాలాచోట్ల చూశాను. నలుగురం కలిసి వెళ్తే మా స్నేహితురాలు, ఇంకొకరు పైన, మిగతా ఇద్దరం కింద, వంతులవారీగా మారుతూ. ఫెస్టివల్‌కి వెళ్లేదే నలుగురితో కలిసి గొంతు చించుకోవడానికి, అక్కడ మనిషిని అతిథిలా పక్కన కూర్చోబెడితే అది మర్యాదో శిక్షో తెలియదు. ఇంకోటి, గేటు దగ్గర తనిఖీ. ఇన్సులిన్ సూదులు, మాత్రలు, మడత స్టూలు, ఇవన్నీ 'నిషేధిత వస్తువుల' జాబితాకి దగ్గరదగ్గరగా ఉంటాయి. మీ జబ్బేంటో వెనకున్న యాభైమందికీ వినపడేలా సెక్యూరిటీకి వివరించాక లోపల ఎంత రంగుల కాగితాలు చల్లితే ఏం లాభం? ట్రాన్స్ మనుషులకి ఇదే తనిఖీ ఇంకో రకం టెన్షన్, ఆడవాళ్ల వరసా మగవాళ్ల వరసా, చెయ్యి వేసేది ఎవరు అని. గేటు దగ్గర నిలబడేది ఆ రోజు కూలికి వచ్చిన కుర్రాళ్లు, వాళ్లకి శిక్షణ ఇవ్వకుండా బోర్డు మీద ఇంద్రధనస్సు గీస్తే సరిపోదు. (మరుగుదొడ్ల గురించి మాత్రం ఒక మాట. ఆడా మగా తేడా లేని మరుగుదొడ్లు అని వాదనలు పుట్టకముందు నుంచే ఫెస్టివల్లో ప్లాస్టిక్ డబ్బా అందరికీ ఒకటే. అందరూ సమానంగా ముక్కు మూసుకున్నారు.)

చెప్పొచ్చేదేమిటంటే, ఇవి దయాదాక్షిణ్యాల విషయాలు కావు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఉన్నాయి. 2000లో బ్రిటన్‌లో మొదలైన ఆటిట్యూడ్ ఈజ్ ఎవ్రీథింగ్ అనే సంస్థ సరిగ్గా ఈ పనే చేస్తోంది, కచేరీలకి వచ్చే వికలాంగుల అనుభవాన్నే కొలబద్దగా పెట్టుకుని నిర్వాహకులతో మార్పులు చేయించడం. అయినా చట్టం దానంతటది నడిచి రాదు. 2017లో బ్రిటన్‌లో లిటిల్ మిక్స్ అనే అమ్మాయిల పాప్ బృందం కచేరీ ఒకటి బహిరంగ ప్రదేశంలో జరిగింది. వినికిడి లేని తల్లులు కొందరు, సంకేత భాషలో పాటని వివరించే మనిషిని పెట్టమని అడిగారు. ముందు కాదన్నారు, వాళ్లు కోర్టు దాకా వెళ్తే అప్పుడు పెట్టారు, అదీ లిటిల్ మిక్స్ పాడే సేపు మాత్రమే. వాళ్లకి ముందు పాడిన రెండు బృందాలకి ఎవరూ లేరు. టికెట్ డబ్బులు మొత్తం, కచేరీ మాత్రం ముక్క. ఆ వివాదం తర్వాత మళ్లీ కోర్టుకే వెళ్లింది, అక్కడ ఆ తల్లుల పక్షమే గెలిచింది. పిల్లలతో సరదాగా పాటలకి వెళ్లడానికి మనిషి లాయర్‌ని పెట్టుకోవాలా?

డబ్బు సంగతి. 1969 జులై 5న లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాళ్లు ఉచితంగా పాడారు, రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా వచ్చారని రకరకాల అంచనాలు. అదే పార్కులో 2013 నుంచి వేసవిలో వరసగా టికెట్ కచేరీలు జరుగుతున్నాయి, ముందుకెళ్లి నిలబడాలంటే ఇంకా ఖరీదైన టికెట్. ఉచితం అంటే ఎవరికో ఖర్చే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు అని నిర్వాహకులు అడిగితే తప్పు పట్టలేం. వియన్నాలో డాన్యూబ్ నది మధ్య 21 కిలోమీటర్ల పొడవున మనుషులు కట్టిన దీవి ఉంది, అక్కడ 1984లో మొదలైన డోనావ్ఇన్సెల్‌ఫెస్ట్ అనే పాటల పండగ మూడు రోజులు ఉచితంగా జరుగుతోంది, మూడు రోజులూ కలిపి జనం 30 లక్షల సార్లు వచ్చి వెళ్లారని నిర్వాహకులు లెక్క చెప్పిన ఏళ్లున్నాయి. నడిపేది అక్కడి సోషల్ డెమోక్రాటిక్ పార్టీ శాఖ, ఖర్చు మోసేది ఎవరంటే నగర ప్రభుత్వం ఇచ్చే సాయం, స్పాన్సర్లు. రాజకీయ పార్టీ నడిపే పండగలో డాన్స్ చేయడం కొందరికి నచ్చకపోవచ్చు, నాకూ కొంచెం ఇబ్బందే. అయినా జేబు చూడకుండా లోపలికి రానిచ్చే గేటుని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. టికెట్ పెట్టిన చోట కనీసం వాయిదాల్లో కట్టే వీలు, తోడొచ్చే మనిషికి ఉచిత టికెట్, తాగే నీళ్లు ఉచితం, నగదు తీసుకునే కౌంటర్ ఒక్కటైనా ఉండాలి. ఇవి పెద్ద కోరికలేం కాదు.

ఇప్పుడు కంచె అవతలి వాళ్లు. టికెట్ కొనని వాళ్ల గురించి మాట్లాడటమేంటి అంటారా? ఆ పార్కు మిగతా రోజుల్లో వాళ్లదే. బ్రాక్‌వెల్ పార్కులో మైటీ హూప్లాతో పాటు వేసవి మొదట్లో వరసగా చాలా ఫెస్టివల్స్ జరుగుతాయి. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అనుమతి, అంటే స్థలాన్ని ఎలా వాడాలో స్థానిక కౌన్సిల్ ఇచ్చే అనుమతి, లేకుండా ఒక స్థలాన్ని ఏడాదికి 28 రోజుల దాకా తాత్కాలిక పనులకి వాడుకోవచ్చు. ఇక్కడ స్టేజీలు కట్టడం, విప్పడం కలిపితే 37 రోజులవుతోందని, కౌన్సిల్ ఇచ్చిన ఆమోదం చెల్లదని 2025 మేలో హైకోర్టు చెప్పింది. కేసు వేసింది చుట్టుపక్కల నివాసులు. నిర్వాహకులు మళ్లీ దరఖాస్తు పెట్టుకుని అనుకున్న తేదీలకే ఫెస్టివల్స్ జరిపేశారు.

ఆ కేసు వేసినవాళ్లని సరదా తెలియని ముసలి మనుషులుగా ఎగతాళి చేసిన పోస్టులు చూశాను, ఫెస్టివల్‌కి వచ్చేవాళ్లని పార్కు తొక్కేసే మందగా తిట్టిన పోస్టులూ చూశాను. నాకు రెండూ నచ్చలేదు. ఇంట్లో తోట లేని మనిషికి, సాయంత్రం పిల్లల్ని ఆడించుకునే తల్లికి, మోకాళ్ల నొప్పులతో అంతకంటే దూరం నడవలేని ముసలాయనకి ఆ గడ్డే తోట. వాళ్లనీ కలుపుకోకుండా 'అందరూ' అనడం కొంచెం ఎబ్బెట్టుగా లేదూ? మరోవైపు పార్కుల నిర్వహణకి కౌన్సిళ్ల దగ్గర డబ్బు చాలడం లేదన్నదీ నిజం. అందుకని నేను తప్పు పట్టేది ఫెస్టివల్‌ని కాదు, రోజుల లెక్కని. మొత్తం రోజుల్లో పాట వినపడేది కొన్ని రోజులే, మిగతావన్నీ రేకులు బిగించడం, విప్పడం. ఒకదాని తర్వాత ఒకటిగా వాటిని పేర్చుకుంటూ పోవడం లాభానికి సులువు, గడ్డికి కష్టం. ఏడాదికి రెండు ఫెస్టివల్స్ తగ్గితే సంగీతం చచ్చిపోదు.

ఇంకొకటి, ఎవరూ రాయనిది, బయటికి రావడం. రాత్రి పదిన్నరకి చివరి పాట అయిపోతుంది, పది వేలమంది ఒకటే గేటు వైపు, చీకట్లో, తాగిన కాళ్లతో. ఆ తోపులాటలో వీల్‌చైర్ నడవదు, దగ్గర్లోని స్టేషన్‌లో లిఫ్టు ఉంటుందన్న నమ్మకం లేదు, టాక్సీలు రావడానికి వీల్లేకుండా రోడ్లు మూసేసి ఉంటాయి. అందుకే మా స్నేహితురాలు ప్రతిసారీ పెద్ద గాయని స్టేజీ మీదికి వచ్చిన అరగంటకల్లా బయల్దేరిపోతుంది. మేమూ ఆమెతోనే. తిరిగొచ్చే దారిలో వెనక నుంచి పాట వినపడుతూ ఉంటుంది, ఏ పాటో పోల్చుకోవడం మాకో ఆట. ఎనిమిదేళ్లుగా ఫెస్టివల్స్‌కి వెళ్తోంది తను, ఒక్కదాంట్లోనూ చివరి పాట కంచె లోపల నుంచి వినలేదు.